నడకలో చెమట, మాటులో చలి: వేటకు ఉన్ని థర్మల్ మేలా, సింథటిక్ మేలా?

తెల్లవారకముందే మూట భుజాన వేసుకుని గంటసేపు ఎగువకి నడవాలి. ఆ తర్వాత నాలుగైదు గంటలు మంచె మీదో, పొద మాటునో కదలకుండా కూర్చోవాలి. చలికాలపు వేటలో ఒంటికి వచ్చే కష్టమంతా ఈ రెండిటి మధ్య మలుపులోనే ఉంది. నడకలో పట్టిన చెమట, కూర్చున్న పావుగంటకు వీపు మీద మంచుపట్టీలా అంటుకుంటుంది. పరుగు కోసమో, స్కీయింగ్ కోసమో రాసిన థర్మల్ (కోటు లోపల ఒంటికి ఆనుకుని వేసే పొర) సలహాలు వేటగాడికి సగమే పనికొస్తాయి. వాళ్ళు కదులుతూనే ఉంటారు, ఆగితే ఇంట్లోకి వెళ్ళిపోతారు. వేటగాడు చెమట పట్టాక ఆగిపోయి, అదే చొక్కాతో చలిలోనే ఉండిపోతాడు.

ఒక చిన్న లెక్క చూడండి. చొక్కాలో 100 గ్రాముల చెమట చేరిందనుకుందాం. అర గ్లాసు నీళ్ళయినా కావు. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 2.4 కిలోజౌళ్ళ వేడి కావాలి, 100 గ్రాములకు 240. కదలకుండా కూర్చున్న మనిషి ఒంట్లో పుట్టే వేడి దాదాపు 100 వాట్లు, అంటే సెకనుకు 100 జౌళ్ళు. ఆ చొక్కాని ఒంటి మీదే ఆరబెట్టుకోవాలంటే 40 నిమిషాల పాటు ఒంట్లో పుట్టిన వేడంతా దానికే ధారపోయాలి. అది ఆరేలోపు ఇంకో నష్టం: నిశ్చలమైన గాలి కంటే నీరు పాతిక రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. తడిసిన బట్ట ఒంటికి అతుక్కున్నచోట పైన ఎంత మందం కోటు ఉన్నా ఆ అతుకు చల్లగానే ఉంటుంది.

కాబట్టి ఉన్ని వెచ్చగా ఉంటుందా, సింథటిక్ వెచ్చగా ఉంటుందా అన్న ప్రశ్నతో మొదలుపెడితే దారి తప్పినట్టే. వెచ్చదనం ఇవ్వడం పై పొరల పని. ఒంటికి ఆనుకునే పొర చేయాల్సింది ఆ 100 గ్రాముల సంగతి చూడడం. మీరు ఎంత నడుస్తారు, ఎంతసేపు కూర్చుంటారు, ఉతుకు లేకుండా ఎన్ని రోజులు గడుపుతారు: ఈ మూడూ తేలితే ఎంపిక చాలావరకు తేలిపోతుంది.

దేన్ని బట్టి పోల్చాలి

చెమట పోగులోకి ఇంకుతుందా, పోగుల మధ్య నిలుస్తుందా అన్నది మొదట చూడాలి. ఎంతసేపట్లో ఆరుతుంది, తడిగా ఉన్నప్పుడు ఒంటికి ఎలా తగులుతుంది అన్నవి దాని వెంటే వస్తాయి. వేటలో వాసన మర్యాద కోసం చూసుకునేది కాదు, పనికి సంబంధించినది. మన్నిక, ఉతుకు, నిప్పు దగ్గర భద్రత ఆ తర్వాత. నూలు థర్మల్‌ని ఈ పోటీలోకే తేవడం లేదు. నూలు నీటిని పీల్చి పట్టుకుంటుంది, తడిస్తే ఒంటికి అతుక్కుపోతుంది, చలిలో ఆరదు. వెచ్చగా, మెత్తగా ఉందని నూలు బనియను లోపల వేసి పైన ఖరీదైన ఉన్ని వేసుకునేవాళ్ళున్నారు. అప్పుడు ఉన్నికి పెట్టిన డబ్బు దండగ.

| చూడాల్సింది | మెరీనో (సన్నపోగు గొర్రె) ఉన్ని | పాలిస్టర్ | పాలీప్రొపిలీన్ | ఉన్ని, నైలాన్ మిశ్రమం |
|---|---|---|---|---|
| మామూలు గాలిలో పోగు పట్టుకునే తేమ (బరువులో) | సుమారు 16 శాతం | సుమారు 0.4 శాతం | దాదాపు సున్నా | ఉన్ని పాలును బట్టి |
| ఆరే వేగం | నెమ్మది | వేగం | చాలా వేగం | మధ్యస్థం |
| కొద్ది తడిలో ఒంటికి | పొడిగానే అనిపిస్తుంది | చల్లగా తగులుతుంది | పలచనిదైతే ఫరవాలేదు | ఉన్నికి దగ్గర |
| వాసన | చాలా రోజులు ఆగుతుంది | ఒకటి రెండు రోజుల్లో పడుతుంది | అన్నిటికంటే త్వరగా | ఉన్ని కంటే కాస్త ముందు |
| రాపిడికి | పలచనిది త్వరగా చిరుగుతుంది | బాగా తట్టుకుంటుంది | తట్టుకుంటుంది | బాగా మెరుగు |
| నిప్పు దగ్గర | మాడుతుంది, కరగదు | 255 డిగ్రీల దరిదాపుల్లో కరుగుతుంది | 165 డిగ్రీల దరిదాపుల్లోనే కరుగుతుంది | నైలాన్ భాగం కరుగుతుంది |

పట్టిక చూసి గెలుపోటములు లెక్కేయకండి. అన్ని వరుసల బరువు అందరికీ ఒకటి కాదు. మూడు గంటల వేటకు వాసన వరుసను కొట్టేయవచ్చు, వారం రోజుల వేటకు అదే మొదటి వరుస.

మెరీనో ఉన్ని: ఎంత నిజం, ఎంత అతిశయం

ఉన్ని తన బరువులో మూడో వంతు నీటిని పీల్చినా తడిగా అనిపించదని ప్రతి అట్ట మీదా రాసి ఉంటుంది. మాట నిజమే గానీ ఆ లెక్క ఎముకల దాకా ఎండిన ఉన్నికి. మీ సంచిలో ఉన్న చొక్కా మామూలు గాలి తేమనే అప్పటికే సగం దాకా పట్టుకుని ఉంటుంది. 240 గ్రాముల చొక్కాలో కొత్తగా చెమట ఆవిరికి మిగిలే చోటు దాదాపు 40 గ్రాములు. ఆ 40 వరకు ఉన్ని నిజంగానే అద్భుతం చేస్తుంది: ఆవిరిని పోగు లోపలికి లాక్కుంటుంది, పైభాగం పొడిగా ఉంటుంది, పీల్చుకునేటప్పుడు కొంత వేడి కూడా పుడుతుంది. అది దాటిందా, మిగతా చెమట పోగుల మధ్య నీరుగా నిలుస్తుంది. అప్పుడది కూడా అందరి బట్టల్లాగా తడి బట్టే, పైగా ఆరడానికి మరింత సమయం తీసుకునే తడి బట్ట.

ఆ పుట్టే వేడి గురించి కూడా ఒక మాట. పొడిగా, వెచ్చగా ఉన్న గదిలోంచి తేమగా, చల్లగా ఉన్న బయటికి వచ్చినప్పుడు అది తెలుస్తుంది. ఉన్ని బయటి తేమతో సర్దుకున్నాక ఆగిపోతుంది. నాలుగు గంటలు కూర్చోవడానికి దాన్ని నమ్ముకోలేరు.

ఉన్నికి అసలైన బలం చెమట తక్కువగా, విడతలు విడతలుగా పట్టే చోట. నెమ్మదిగా నడిచి, ఆగి, విని, మళ్ళీ నాలుగడుగులు వేసే వేటలో ఒళ్ళు ఆవిరి వదులుతుంది గానీ చెమట కారదు. ఆ తేమను ఉన్ని నడకలో దాచుకుని, ఆగినప్పుడు మెల్లగా వదులుతుంది. ఒక్కసారిగా చల్లబడడం ఉండదు. నెమ్మదిగా ఆరడమే ఇక్కడ వరం: ఒకే పావుగంటలో అంతా ఆవిరైపోతే ఆ పావుగంటలోనే అంత వేడీ పోతుంది.

దురద గురించి భయపడేవాళ్ళు మైక్రాన్ సంఖ్య చూడాలి, అది పోగు మందం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఒంటిని గుచ్చేవి 30 మైక్రాన్ల కంటే మందమైన పోగులు. అవి నూటికి అయిదు దాటితే చాలామందికి గరుకు తెలుస్తుంది. మంచి థర్మల్‌లో వాడే మెరీనో సగటున 17 నుంచి 19.5 మైక్రాన్ల మధ్య ఉంటుంది. మందం రాయకుండా ఊరికే ‘ఊల్’ అని వదిలేసిన చొక్కా కొనేముందు మెడ పక్కన ఒక నిమిషం రుద్ది చూడండి. చేత్తో తడిమితే తెలియదు, అరచేతి చర్మం మొద్దు.

బలహీనత చిరుగు. 150 జీఎస్‌ఎం (చదరపు మీటరు బట్ట బరువు గ్రాముల్లో, ఎక్కువైతే మందం) స్వచ్ఛమైన మెరీనో చొక్కాకి మొదట చిల్లులు పడే చోట్లు దాదాపు ఎప్పుడూ ఒకటే: మూట నడుంపట్టీ కింద, భుజం మీద పట్టీ కింద, బొటనవేలి కంత దగ్గర. ఒక సీజన్‌లోనే పడవచ్చు.

సింథటిక్: పాలిస్టర్, పాలీప్రొపిలీన్

పాలిస్టర్ పోగు నీటిని తాగదు. చెమట పోగుల మధ్య సందుల్లో పాకి, బట్ట బయటి వైపు పరుచుకుని ఆరుతుంది. పోగు మీద గాడులు వేయడం, లోపలి వైపు గళ్ళు గళ్ళుగా నేయడం వంటివన్నీ ఈ పాకుడును పెంచడానికే. గళ్ళ నేతలో ఉబ్బెత్తు గళ్ళు మాత్రమే ఒంటికి ఆనుతాయి, మధ్య కాలువల్లో గాలి ఆడుతుంది. నడకలో జిప్పు తీస్తే ఆవిరి ఆ కాలువల గుండా పైకి పోతుంది, కూర్చుని జిప్పు వేస్తే అదే గాలి వెచ్చగా నిలుస్తుంది. ఒక్క సింథటిక్ చొక్కానే కొనగలిగితే పలచని గళ్ళ నేత, మెడ దాకా పొడుగు జిప్పు ఉన్నది తీసుకోండి. నున్నటి టీషర్టు రకం కంటే వేటకు ఇదే నయం.

సింథటిక్ కూడా తడుస్తుంది, ఆ విషయం అట్ట మీద ఉండదు. మందపాటి పాలిస్టర్ థర్మల్ సందుల్లో చాలా నీరు పట్టుకుంటుంది. ఆరే వేగాన్ని పోగు రకం ఎంత నిర్ణయిస్తుందో బట్ట మందం కూడా అంతే నిర్ణయిస్తుంది. 130 జీఎస్‌ఎం ఉన్ని చొక్కా 260 జీఎస్‌ఎం పాలిస్టర్‌తో సమానంగానో, ముందుగానో ఆరిపోవచ్చు. ఒకే మందం ఉన్నవాటినే పోల్చాలి.

పాలీప్రొపిలీన్‌కి తేమ దాదాపు అంటనే అంటదు, నీటి కంటే తేలిక. బాగా చెమట పట్టేవాళ్ళకి ఒంటి మీద పొడిగా అనిపించడంలో దీన్ని మించింది లేదు. చిక్కల్లా వాసనతోనూ, వేడితోనూ. డ్రయ్యర్‌లో వేడి ఎక్కువైతే ముడుచుకుని గట్టిపడుతుంది, ఒకసారి వాసన పట్టిందంటే వదిలించడం గగనం.

ఇక వాసన. మానవ చెమటలోని కొవ్వు పదార్థాలు పాలిస్టర్‌కి ఇష్టంగా అంటుకుంటాయి, వాటిని తినే బ్యాక్టీరియా అక్కడ స్థిరపడుతుంది. 2014లో బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 26 మందికి నూలు, పాలిస్టర్, మిశ్రమం టీషర్టులు వేయించి, గంటసేపు సైకిల్ తొక్కించి, మర్నాడు వాసన చూపించారు. పాలిస్టర్ బట్టలే ఎక్కువ దుర్వాసన వేశాయి, వాటి మీద మైక్రోకోకస్ జాతి బ్యాక్టీరియా బాగా పెరిగింది. వెండి పూత ఉన్న సింథటిక్ దీన్ని కొంత ఆపుతుంది, ఉతుకులు పెరిగేకొద్దీ ఆ పూత పలచబడుతుంది. ఉన్ని మాత్రం వాసన పదార్థాలను పోగు లోపలే దాచుకుంటుంది, గాలికి ఆరేస్తే చాలావరకు వదిలేస్తుంది.

ఇదంతా విని ఉన్ని వేసుకుంటే జింకకి వాసన రాదనుకోవద్దు. మనిషి వాసన ఊపిరిలోంచి, జుట్టులోంచి, బూట్లలోంచి కూడా వస్తుంది. గాలివాటం తప్పు పక్క ఉంటే ఏ బట్టా కాపాడదు. ఉన్ని చేసేదల్లా నాలుగో రోజు కూడా మీ వాసన మొదటి రోజంతే ఉండేలా చూడడం.

నిప్పు సంగతి తేలిగ్గా తీసుకోకండి. గుడారంలో స్టవ్ వెలిగించేవాళ్ళు, మంట పక్కన బట్టలు ఆరబెట్టేవాళ్ళు దీన్ని పైవరుసలో పెట్టుకోవాలి. సింథటిక్ కరిగితే చర్మానికి అంటుకుపోతుంది, ఆ గాయం మామూలు కాలిన గాయం కంటే చాలా చెడ్డది. 2006లో అమెరికా మెరైన్ దళం ఇరాక్‌లో శిబిరం దాటి వెళ్ళే సైనికులకు సింథటిక్ క్రీడాదుస్తులు నిషేధించింది ఈ కారణం చేతనే.

మధ్యేమార్గాలు

నైలాన్ పోగు చుట్టూ ఉన్ని చుట్టి తీసిన దారం ఇప్పుడు బాగా దొరుకుతోంది. నూటికి 85, 90 పాళ్ళు ఉన్ని, మిగతా నైలాన్. ఒంటికి తగిలేది ఉన్నే, చిరుగు మాత్రం బాగా తగ్గుతుంది. పలచని థర్మల్ కొనేవాళ్ళకి స్వచ్ఛమైన మెరీనో కంటే ఇదే మంచి కొనుగోలు. నూటికి నూరు శాతం అని గర్వంగా రాసుకోవడం తప్ప స్వచ్ఛతతో అక్కడ ఒరిగేదేమీ లేదు.

సగం ఉన్ని, సగం పాలిస్టర్ కలిపినవి ఆరడంలో సింథటిక్‌కి, వాసనలో ఉన్నికి కాస్త దగ్గరగా ఉంటాయి. రెండిటి పూర్తి లాభం మాత్రం రాదు. అయితే ‘ఊల్ బ్లెండ్’ అని ముందు పెద్దక్షరాలు, వెనక పట్టీ మీద యాక్రిలిక్ 70 శాతం అని చిన్నక్షరాలు ఉన్నవి వేరే జాతి. అవి చేతికి ఉన్నిలాగే మెత్తగా ఉంటాయి, పని మాత్రం చేయవు.

వల బనియన్ల గురించి కూడా తెలిసి ఉండాలి. నార్వే సైనికాధికారి హెన్రిక్ బ్రున్ 1933లో చేపల వల ముక్కలతో కుట్టించిన బనియను నుంచి వచ్చిన ఆలోచన ఇది. కన్నాల్లో నిలిచిన గాలి వెచ్చదనం, ఒంటికి ఆనే బట్ట తక్కువ గనక తడి తక్కువ. పైన 200 జీఎస్‌ఎం ఉన్ని చొక్కా వేస్తే వల చెమటని ఒంటి నుంచి దూరం పెడుతుంది, ఉన్ని దాన్ని దాచుకుంటుంది. చూడ్డానికి నవ్వొస్తుంది గానీ చెమట బాగా పట్టి ఆ తర్వాత చాలాసేపు కూర్చునేవాళ్ళకి ఇంతకంటే మంచి జత దొరకడం కష్టం. మూట పట్టీల కింద వల అచ్చు పడుతుంది, అది భరించాలి.

మీ వేట ఏ రకం?

*మంచె మీద కూర్చునేవాళ్ళు, నడక అరగంట లోపు.* ఉన్ని. చొక్కా 200, కాళ్ళకి 250 జీఎస్‌ఎం. చెమట కొద్దిగానే పడుతుంది, ఉన్నిలో మిగిలిన ఆ 40 గ్రాముల చోటు సరిపోతుంది. వణుకు తగ్గించడానికి ఇంకా మందం లోపలి పొర కొనాలనిపిస్తే ఆగండి. లోపలి పొరని మధ్యలో తీయలేరు, కోటుని తీయగలరు. తీయలేనిదాన్ని పలచగా, తీయగలిగేదాన్ని మందంగా ఉంచుకోవాలి. 400 జీఎస్‌ఎం ముడుల నేత ఉన్ని వాహనం దిగిన చోటే మంచె ఎక్కేవాళ్ళకే.

*గంట పైగా ఎగువకి నడిచి, ఆ తర్వాత మాటు వేసేవాళ్ళు.* అందరికంటే ఇబ్బంది వీళ్ళకే. ఒక్క చొక్కాతో సరిపెట్టాలన్న పట్టుదల వదిలేయండి. నడకకి పలచని పాలిస్టరో, పాలీప్రొపిలీనో, మాటులో కూర్చోవడానికి సంచిలో పొడిగా కట్టి తెచ్చిన ఉన్ని చొక్కా. మోసే బరువు పావుకిలో. ఏ బట్ట గొప్పదన్న చర్చలన్నిటికంటే ఈ పావుకిలో ఎక్కువ పని చేస్తుంది. కాళ్ళకి మాత్రం ఒకటే చాలు: కాళ్ళకి చెమట తక్కువ, బూట్లు విప్పి మార్చడం చలిలో సాధ్యమయ్యే పనీ కాదు. కాళ్ళ థర్మల్‌ని కూర్చోవడానికి తగ్గట్టు ఉన్నిలో ఎంచుకోండి.

*రోజంతా నడుస్తూ జాడ పట్టేవాళ్ళు.* మిశ్రమం 150 జీఎస్‌ఎం, లేదా గళ్ళ నేత పాలిస్టర్. సాయంత్రం ఇంటికి చేరేవాళ్ళకి పాలిస్టర్ చాలు, ధర కూడా తక్కువ. చెమట నూనెలా కారే ఒళ్ళున్నవాళ్ళు ఉన్ని జోలికి పోకపోవడమే మంచిది.

*కొండల్లో అయిదారు రోజులు, మూటలోనే సంసారం.* ఉన్ని, నైలాన్ మిశ్రమం చొక్కాలు రెండు. పగలు ఒకటి, రాత్రి నిద్రకి ఒకటి. రాత్రిదాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ పగలు వేసుకోకూడదు. వాన ఎక్కువగా ఉండే కొండలైతే పగటి చొక్కాని సింథటిక్ చేసుకుని, వాసనని సహించడం తెలివైన పని. అక్కడ ఆరని ఉన్ని మూడో రోజుకి మెడకు డోలు అవుతుంది.

*నీటి పక్షుల వేట.* రబ్బరు వేడర్ల (నీళ్ళలో నిలబడడానికి వేసే బూటు ప్యాంట్ల) లోపల ఆవిరి బయటికి పోయే దారే లేదు. నడుము కింద సింథటిక్, పైన ఉన్ని.

*జంతువుల్ని తోలేవాళ్ళు, ఎదురు కాసేవాళ్ళు కలిసి చేసే వేట.* ఒకే వేటలో రెండు పనులు. తోలేవాళ్ళు పొదలు తొక్కుతూ చెమటోడుస్తారు, వాళ్ళకి సింథటిక్. కాసేవాళ్ళకి ఉన్ని. మధ్యాహ్నం పాత్రలు మారేటట్టుంటే సంచిలో రెండో చొక్కా ఉండాల్సిందే.

మాటు చేరాక చొక్కా మార్చే పద్ధతి

బయలుదేరేటప్పుడు కాస్త చలిగా ఉండాలి. మొదటి పది నిమిషాలు వెచ్చగా నడిచారంటే ఆ తర్వాత తడవడం ఖాయం. కోటు మూటకి కట్టి, మెడ జిప్పు తెరిచి, టోపీ తీసి నడవండి. మాటుకి రెండు వందల అడుగుల ముందు నడక సగానికి తగ్గించండి.

చేరాక వెంటనే కోటు తొడగకండి. ఒంట్లోంచి ఇంకా ఆవిరి వస్తూ ఉంటుంది, కోటు వేస్తే అది లోపలే నీరవుతుంది. మూట దింపి, టోపీ మాత్రం పెట్టుకుని అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు ఆగండి. పొడి చొక్కా, కోటు రెండూ చేతికి అందేలా తెరిచి ఉంచుకుని అప్పుడు తడి చొక్కా తీయండి. చిన్న తువ్వాలుతో వీపు, చంకలు, ఛాతీ తుడవండి. ఈ తుడవడం చాలామంది వదిలేస్తారు. ఒంటి మీద మిగిలిన చెమటే కొత్త చొక్కాని తడుపుతుంది. పొడిది తొడిగి, అంచు ప్యాంటులోకి దోపి, కోటు వేయండి. చొక్కా లేకుండా ఉండేది అర నిమిషం మించదు. తడి చొక్కాని కొమ్మకి ఆరేయకండి, అది మీ వాసనని గాలికి వదిలే జెండా. గాలి చొరని సంచిలో మూసి మూట అడుగున పెట్టండి.

కొలత, కుట్టు

లోపలి పొర ఒంటికి ఆనాలి, బిగుసుకోకూడదు. వదులుగా ఉన్నచోట చెమట బట్టని చేరక ఒంటి మీదే నిలుస్తుంది. చేతులు ముందుకు చాచి, వంగి చూడండి: వీపు కింద అంచు ప్యాంటులోంచి బయటికి రాకూడదు. తుపాకీ వాడేవాళ్ళు భుజం మీద, తుపాకీ మడమ (వెనక కొన) ఆనేచోట కుట్టు ఉందో లేదో తడిమి చూడాలి. లోపల ఉబ్బెత్తు కుట్టు ఉంటే పై పొరలు ఎన్ని ఉన్నా దెబ్బ తెలుస్తుంది. విల్లు వాడేవాళ్ళు నారి లాగే భంగిమలో మోచేతి మడత దగ్గర బట్ట ముద్ద కడుతోందేమో చూసుకోవాలి. మెడ జిప్పు లోహపు తోక పై కోటు జిప్పుకి తగిలి టిక్కుమంటుంది. దాన్ని తీసేసి తాడు ముక్క కట్టండి.

పొడుగు బూట్లు వేసేవాళ్ళకి పిక్క మధ్యలో ఆగిపోయే థర్మల్ మంచిది. చీలమండ దాకా వచ్చేది మేజోడు కింద మడతపడి, సాయంత్రానికి కాలు మీద గీత మిగులుస్తుంది.

ఉతుకు, దాపు

ఉన్ని పోగు మీద పొలుసులుంటాయి. వేడినీరు, గట్టి సబ్బు, రుద్దుడు మూడూ కలిస్తే అవి ఒకదాన్నొకటి పట్టుకుని చొక్కా పిల్లవాడి సైజుకి వస్తుంది. 30 డిగ్రీల నీరు, ఎంజైములు లేని ద్రవ సబ్బు, మెషీన్‌లో నెమ్మది తిప్పుడు. ఎంజైములు మాంసకృత్తుల మరకల్ని తినడానికే పుట్టాయి, ఉన్ని కూడా మాంసకృత్తే. క్లోరిన్ బ్లీచ్ ఉన్నిని ఏకంగా కరిగిస్తుంది. పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, పరిచి ఆరబెట్టండి. తడిగా దండెం మీద వేలాడదీస్తే సొంత బరువుకే సాగుతుంది.

సింథటిక్‌ని ఎలాగైనా ఉతకవచ్చు గానీ మెత్తదనపు ద్రవం మాత్రం వేయకండి. అది పోగు మీద జిడ్డు పొరలా పేరుకుని చెమట పాకే దారిని మూసేస్తుంది. ‘కొత్తలో బాగా పనిచేసింది, ఇప్పుడు తడిగా అంటుకుంటోంది’ అనేవాళ్ళలో చాలామంది చేసిన తప్పు ఇదే. వేట నుంచి వచ్చిన వెంటనే ఉతకడం సింథటిక్‌కి ముఖ్యం. మూటలో మూడు రోజులు నలిగితే వాసన స్థిరపడుతుంది.

రెండిటికీ వర్తించేది ఒకటుంది. తెల్లదనం పెంచే సబ్బుల్లో వెలుగు రంజకాలుంటాయి, అవి అతినీలలోహిత కాంతిని నీలంగా తిప్పి మెరుస్తాయి. జింకలకి ఎరుపు, నారింజ సరిగా తెలియవు గానీ నీలం వైపు కాంతి మనకంటే బాగా కనిపిస్తుంది. లోపలి పొర కనిపించదు కదా అనుకోవచ్చు. దాన్ని పై కోటుతో కలిపి ఒకే నీళ్ళలో ఉతికితే రంజకం కోటుకీ పడుతుంది.

కొన్న చొక్కా నిజంగా ఉన్నేనా అని అనుమానముంటే లోపలి కుట్టు పక్కనుంచి నేత దారపు ముక్క లాగి, చిమటాతో పట్టుకుని వెలిగించండి. కుట్టుదారం పాలిస్టర్ అయి ఉండవచ్చు, దాన్ని చూసి తీర్పు చెప్పకండి. ఉన్ని జుట్టు కాలిన వాసన వేస్తుంది, మంట తీయగానే ఆరుతుంది, మిగిలిన నల్ల పూస వేళ్ళ మధ్య పొడి అవుతుంది. సింథటిక్ కరిగి ముడుచుకుని గట్టి పూసగా మిగులుతుంది, నలిపినా నలగదు. మిశ్రమంలో రెండూ కనిపిస్తాయి.

సీజన్ అయిపోయాక ఉన్నిని ఉతికిన తర్వాతే దాచాలి. చిమ్మెట పిల్లపురుగులకి ఉన్ని తిండి, చెమట అంటిన ఉన్ని మరీ ఇష్టం. గట్టిగా మూసే ప్లాస్టిక్ సంచి చాలు. పురుగు పట్టిందన్న అనుమానం ఉంటే అదే సంచితో రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. నాఫ్తలీన్ గోళీలు మాత్రం వద్దు: పురుగుల్ని ఆపే మాట నిజమే గానీ, ఆ ఘాటు ఉన్నిలోకి ఇంకి వచ్చే సీజన్‌లో మొదటి వారమంతా మీతోపాటే మాటులో కూర్చుంటుంది.